నిద్రను లెక్కించు పట్టీ - నిద్రను కాచు ఇల్లు

(ఖరగ్‌పూరులో తెలుగు ఉద్యోగుల కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగము)



క్రీడలకు సంబంధించిన విషయమేదైన నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను క్రీడాకారుడను గాను, వైద్యుడను గాను, విజ్ఞానశాస్త్రము చదివినవాడను కూడ గాను. బి.ఏ. పట్టము పుచ్చుకొని సచివాలయమున కాగితములతో కాలము గడపుచున్న ఉద్యోగిని. అయినను ఈ ఊరి రైల్వే క్వార్టరులో, ఒక గూడ్సు గార్డు కుమారుడనై పెరిగినవాడను. కావున నిద్రను గూర్చి మాటలాడుటకు నాకు కొంత అర్హత కలదని తలచి, క్రీడకును నిద్రకును ముడివైచిన ఒక చిన్న వస్తువును నేటి ప్రసంగమునకు విషయముగ నెన్నుకొంటిని. ఆ వస్తువు మీలో అనేకుల మణికట్టుపై ఇప్పుడే ఉన్నది. దానినే ఫిట్‌నెస్ బ్యాండు అనుచున్నారు. గడియారముతో కలిసియున్నచో స్మార్ట్ వాచీ. వ్రేలికి తొడిగినచో స్మార్ట్ రింగు.

మా చిన్ననాట పిల్లలు పరీక్షల మార్కులను పోల్చుకొనెడివారు. నేడు తెల్లవారగనే నిద్ర మార్కులను పోల్చుకొనుచున్నారు. "నాకు రాత్రి 82 వచ్చింది, నీకెంత?" అని అన్న చెల్లెలినడుగుట మా యింటనే వింటిని. నిద్రకు మార్కులు వేయు కాలమునకు వచ్చితిమి. ఆ మార్కులు వేయువాడెవడు, ఏ కొలతతో వేయుచున్నాడు, ఆ మార్కుతో మనమేమి చేయవలెను అను మూడు ప్రశ్నలను మీ ముందుంచెదను.

శరీరమునకు కొలతపరికరము తగిలించుకొను అలవాటు క్రొత్తది కాదు. 1965లో జపానుదేశమున ఒక సంస్థ నడుమునకు తగిలించుకొను అడుగుల లెక్కింపు యంత్రమును అమ్మకమునకు పెట్టినది. దాని పేరు 'మాన్పోకే', అనగా పదివేల అడుగుల మీటరు. దినమునకు 10,000 అడుగులు నడువవలెనని నేడు లోకమంతయు చెప్పుకొనుచున్న సంఖ్య వైద్యగ్రంథములనుండి పుట్టినది కాదు. ఆ యంత్రము పేరునుండి పుట్టినది. 1982లో ఫిన్లాండు దేశమున తీగె లేకుండ గుండె వేగమును మణికట్టునకు తెలుపు పరికరము వచ్చినది. 1970ల నుండియే పరిశోధకులు మణికట్టు కదలికలను బట్టి నిద్రను అంచనా వేయుట నేర్చిరి. 2009లో అమెరికాలో ఫిట్‌బిట్ సంస్థ తన తొలి పరికరమును వెలువరించినది. తరువాత పట్టీలు, ఉంగరములు వచ్చినవి. ఇప్పుడు బెంగుళూరులోని సంస్థయొకటి కూడ అట్టి ఉంగరములను తయారు చేయుచున్నది.

ఇక ఈ పట్టీ పనిచేయు విధమును చూతము. దాని లోపల కదలికను గుర్తించు సూక్ష్మభాగమొకటి కలదు. చేయి కదలినచో అది వ్రాసికొనును. పట్టీ క్రిందిభాగమున చిన్న ఆకుపచ్చ దీపములు మినుకుమినుకుమనుచుండును. రక్తము ఆకుపచ్చ కాంతిని ఎక్కువగా పీల్చుకొను స్వభావము కలది. గుండె కొట్టుకొనినప్పుడెల్ల చర్మము క్రింది సన్నని నాళములలో రక్తము నిండును, అప్పుడు తిరిగివచ్చు కాంతి తగ్గును, మరల పెరుగును. ఆ హెచ్చుతగ్గులను లెక్కించి పట్టీ నాడి చెప్పును. నాడి చూచు వైద్యుడు వ్రేళ్లతో చేయు పనిని ఇది వెలుతురుతో చేయుచున్నదన్నమాట.

క్రీడాకారులకు ముఖ్యమైన కొలత మరియొకటి కలదు. నిమిషమునకు 60 మార్లు కొట్టుకొను గుండె సరిగా సెకనుకొకమారు కొట్టుకొనదు. ఒక వ్యవధి 0.94 సెకను ఉండవచ్చును, మరియొకటి 1.05 సెకను ఉండవచ్చును. ఈ తేడాను హార్ట్ రేట్ వేరియబిలిటీ అందురు. శరీరము విశ్రాంతిగ నున్నప్పుడు ఈ తేడా సాధారణముగ పెరుగును. కఠినమైన సాధన, జ్వరము, మద్యపానము, మనోవ్యథ, నిద్రలేమి దానిని తగ్గించును. ఆశ్చర్యమేమనగా, గడియారమువలె సమానముగ కొట్టుకొనుట గుండెకు మంచి గుర్తు కాదు. సందర్భమును బట్టి సర్దుకొనుటయే మంచి గుర్తు. రాత్రి నాడి, ఈ తేడా, నిద్రించిన కాలము, చర్మపు వేడిమి కలిపి పట్టీ ఉదయమున ఒక అంకె చెప్పును. శరీరము నిన్నటి శ్రమనుండి ఎంత తేరుకొన్నదో తెలుపు అంకెయని దాని భావము. అంకెతోపాటు ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులను కూడ చూపును. రైల్వేవారికి ఆ రంగుల భాష వేరుగ నేర్పనక్కరలేదు!

అయితే ఈ మార్కులు వేయు ఉపాధ్యాయుని హద్దులు కూడ తెలిసికొనవలెను. నిద్రను నిశ్చయముగ కొలుచుటకు ఆసుపత్రులలో తలకు, కనులవద్ద, గడ్డమునకు తీగెలమర్చి మెదడు తరంగములను, కనుగ్రుడ్ల కదలికను, కండరముల బిగువును రాత్రియంతయు నమోదు చేయుదురు. దీనిని పాలీసోమ్నోగ్రఫీ అందురు. కనుగ్రుడ్లు వేగముగ కదలు నిద్రావస్థ యొకటి కలదని అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను శాస్త్రవేత్తలు 1953లో లోకమునకు తెలిపినది ఇట్టి పరిశీలనవలననే. మణికట్టు పట్టీకి మెదడు కనబడదు. అది కదలికను, నాడిని చూచి మెదడును ఊహించును. నిద్రించినవానిని నిద్రించినట్లు చెప్పుటలో చాలవరకు సరిగానే ఉండును. కాని మేలుకొని కదలక పండుకొన్నవానిని కూడ తరచుగ నిద్రించినట్లే వ్రాయును. గాఢనిద్ర ఇన్ని నిమిషములు, కలల నిద్ర ఇన్ని నిమిషములు అని అది చెప్పు లెక్క మరింత వదులైనది. ఒక సంస్థ అంకెకు మరియొక సంస్థ అంకెతో పొత్తు లేదు. అంకె కట్టు సూత్రమును ఎవరికి వారు దాచుకొందురు. కావున అన్నకు 82, చెల్లెలికి 74 వచ్చినంత మాత్రమున అన్న గొప్పవాడు కాడు. ఎవరి అంకెను వారి నిన్నమొన్నటి అంకెలతోనే పోల్చుకొనవలెను.

ఇంత అనుమానమున్నప్పుడు క్రీడాకారులు దీనినేల ధరించుచున్నారని మీరడుగవచ్చును. సాధన కండరమును అలయించును. విశ్రాంతియే దానిని బలపరచును. 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున 11 మంది బాస్కెట్‌బాల్ క్రీడాకారులను ఐదు మొదలు ఏడు వారములపాటు రాత్రికి పది గంటలు పడకపై నుండునట్లు చేసి చూచిరి. వారి పరుగు 16.2 సెకన్లనుండి 15.5 సెకన్లకు తగ్గినది; బంతిని బుట్టలో వేయు నైపుణ్యము సుమారు 9 శాతము హెచ్చినది. అది చిన్న పరిశోధన. పోల్చుటకు వేరొక జట్టు లేదు. అయినను నిద్ర సోమరితనము కాదు, సాధనలో భాగమేయని అది గుర్తుచేసినది. మన విశాఖపట్టణపు ఆడపడుచు జ్యోతి యర్రాజీ 2023లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా పోటీలలో 100 మీటర్ల హర్డిల్సును 13.09 సెకన్లలోను, 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో 12.96 సెకన్లలోను పరుగెత్తి రెండుమార్లు స్వర్ణపతకము గెలిచినది. రెండింటికిని నడుమ తేడా సెకనులో 13 వందవ వంతులు. ఇట్టి లవలేశములకై ఏండ్ల తరబడి శ్రమించువారు ఒక రాత్రి నిద్రను కూడ లెక్కలోనికి తెచ్చుకొనుట సహజము.

ఇక మన ఊరి మాటకు వత్తము. మహేంద్రసింగ్ ధోనీగారు 2001 నుండి 2003 వరకు ఈ ఖరగ్‌పూరులోనే టికెట్ ఎగ్జామినరుగ ఉద్యోగము చేయుచు క్రికెట్టు ఆడినవిషయము మీలో పెద్దలందరెరిగినదే. ఆనాడు ఆయన మణికట్టున ఇట్టి పట్టీలు లేవు. అవి ఇంకను పుట్టలేదు. ఒక చేత ఉద్యోగము, మరియొక చేత ఆట పట్టుకొని నడచు యువకులు ఈ రైల్వే ఊళ్లలో నేటికిని ఎందరో కలరు. వారి అలసట రెండింతలు. వారి విశ్రాంతి మాత్రము ఒకటే.

ఈ ఊరు నిద్రలేని ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇచ్చట జంక్షనును, వర్క్‌షాపును నిర్మించినది. 1902లో కటకమువరకు గల తూర్పుతీరపు ఉత్తరభాగము ఆ రైల్వేలో కలిసినది. ఆ పట్టాలవెంటనే విజయనగరము, శ్రీకాకుళము, విశాఖ ప్రాంతములనుండి మన తాతముత్తాతలు పొట్టచేతబట్టుకొని వచ్చి నింపురా, మథురాకాటి మొదలగు చోట్ల ఇండ్లు కట్టుకొనిరి. 1,072 మీటర్ల మన ప్లాట్‌ఫారము ఒకప్పుడు ప్రపంచమున కెల్ల పొడవైనది. 2013లో గోరఖ్‌పూరు, 2023లో హుబ్బళ్లి దానిని మించినవి. ఆ కొసనుండి ఈ కొసకు మూడుమార్లు పోయివచ్చినచో అడుగులు తొమ్మిదివేలు దాటును. మా నాయనగారు గూడ్సుబండి పొడవునా దీపము పట్టుకొని నడచి ఎన్నివేల అడుగులు వేసిరో ఏ యంత్రము లెక్కింపలేదు.

1980లలో, 1990ల తొలినాళ్లలో డ్యూటీకి పిలుచుటకు కాల్‌బాయ్ ఇంటికి వచ్చెడివాడు. రాత్రి రెండు గంటలకు సైకిలు చప్పుడు, తరువాత గొలుసు చప్పుడు, తరువాత "గార్డుబాబూ!" అను పిలుపు. నాయనగారు లేచి కాల్‌బుక్కులో సంతకము చేసెడివారు. మరునాడు ఏ మధ్యాహ్నముననో తిరిగివచ్చి పండుకొనెడివారు. అప్పుడు మా యమ్మ ఇంటిని రాత్రిగ మార్చెడిది. కిటికీలకు దుప్పట్లు కట్టెడిది. కుక్కరు పెట్టక అన్నము వార్చెడిది, కూత వినబడునని. మేము గోలచేసినచో, "ఒరే, నాన్న పడుకున్నార్రా, గొంతు దించండి. రాత్రి బండి ఆయన చేతిలో ఉంటాది" అనెడిది. ప్రక్కింటివారు సయితము రేడియో తగ్గించెడివారు. ఒకరి నిద్రను పదిమంది కాచెడివారు.

పగటినిద్ర రాత్రినిద్రకు సాటిరాదని మా యమ్మకు పుస్తకములు చెప్పలేదు. మన కణములలోనే ఒక గడియారము కలదని, అది వెలుతురును బట్టి తన్ను తాను సర్దుకొనునని వివరించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమానమిచ్చిరి. మా యమ్మ కిటికీకి కట్టిన దుప్పటి ఆ శాస్త్రమునకు ముందే ఆచరణలోనున్నది.

ఇంతటి కాపలాలోను ఒకమారు లోపము జరిగినది. ఆ లోపము మరెవరిదో కాదు, మా నాయనగారిదే. విశ్రాంతి కిచ్చిన వేళలో ఒక బంధువుల పెండ్లికి పోయి, పండుకొనక తిరిగివచ్చి, ఆ రాత్రియే బండి ఎక్కిరి. తెల్లవారుజామున సిగ్నలువద్ద బండి ఆగినది, మరల కదలినది. ఆ రెండును ఆయనకు తెలియవు. కూర్చున్నచోటనే కనులు మూతపడినవి. ఏ కీడును జరుగలేదు, ఎవరికిని తెలియలేదు. కాని ఉద్యోగవిరమణ చేసిన పదేండ్ల తరువాత ఆ మాట మాతో చెప్పినప్పుడు ఆయన చేతులు వణకినవి.

ఇప్పుడు మా చెల్లెలి కుమారుని సంగతి చెప్పెదను. వానికి పందొమ్మిదేండ్లు. 800 మీటర్లు పరుగెత్తును. క్రీడాకారుల కోటాలో ఉద్యోగము సంపాదించి ఇంటికి ఆసరా కావలెనని వాని కోరిక. దాచుకొన్న సొమ్ముతో ఒక పట్టీ కొనుక్కొని ఏడాదిగ దాని మాట జవదాటక సాధన చేయుచున్నాడు. దూరపు ఊరిలో ఎంపిక పరుగు జరిగిన ఉదయమున నాలుగు గంటలకు మేలుకొని పట్టీ చూచినాడు. ఎరుపురంగులో 31 అను అంకె కనబడినది. పరుగులో మొదటి చుట్టంతయు కాళ్లు దాచుకొని పరుగెత్తి, రెండవచుట్టులో అందుకొనలేకపోయినాడు. ఎంపిక కాలేదు.

ఇంటికి వచ్చి నాతో, "మావయ్యా, గీత దగ్గర నిలబడినప్పుడు కాళ్లు బాగానే ఉన్నాయి. కాని ఆ 31 కళ్లముందునుంచి పోలేదు" అన్నాడు. నాకు ఆ పట్టీమీద కోపము వచ్చినది. దానిని విసరికొట్టుమని చెప్పబోవుచుండగా మా నాయనగారు ప్రక్కగదినుండి వచ్చి, "ముందు రాత్రి ఎక్కడ పడుకున్నావురా?" అని అడిగిరి. వాడు ఖర్చుకు జంకి ఆ ముందురాత్రి రైలులో కూర్చొని ప్రయాణము చేసి, పరుగునాటి రాత్రి దీపము ఆర్పని ఒక హాలులో ఎనిమిదిమందితో నేలమీద పండుకొన్నాడట. అప్పుడు నాయనగారన్నమాట నేటికిని నా చెవిలో నున్నది. "అది అబద్ధం చెప్పలేదురా. కాని నీకు చెప్పాల్సిన వేళ అది కాదు. రెండు రోజుల ముందు మాకు చెప్పుంటే మేం ఏదో ఒకటి చేసేవాళ్లం. పొద్దున్న లేచాక ఎర్రదీపం చూపిస్తే బండి ఏం చేస్తుంది?"

సోదరులారా, నా ప్రసంగసారమంతయు ఆ మాటలో కలదు. పట్టీ నిద్రను లెక్కించును, నిద్రను ఇయ్యదు. నిద్రను ఇచ్చునవి వేరు: దీపమార్పిన గది, ముందుగ బయలుదేరుటకు చాలిన డబ్బు, గొంతు దించిన ఇరుగుపొరుగు, మనిషిని మనిషిగ చూచు డ్యూటీపట్టిక. అంకె తగ్గినప్పుడు నిద్రించినవానిని నిందించుటకు ముందు వీనిని విచారింపవలెను.

అంకెకు భయపడి నిద్రను పోగొట్టుకొనువారిని గూర్చి 2017లోనే అమెరికా వైద్యులు వ్రాసి, ఆ స్థితికి 'ఆర్థోసోమ్నియా' అని పేరుపెట్టిరి. లోపములేని నిద్రకై ప్రాకులాడి ఉన్న నిద్రను చెడగొట్టుకొనుట దాని లక్షణము. కావున పోటీ ఉదయమున పట్టీ చూడకుండుటయే మేలు. ఆనాటికి చేయదగినది మిగిలి ఉండదు. చూడవలసినది వారముల తరబడి సాగు పోకడ. నాలుగైదు దినములుగ విశ్రాంతి నాడి పెరుగుచు, నిద్ర తగ్గుచు, దేహము బరువుగ తోచినచో సాధన తగ్గింపవచ్చును. ఇంటివారితోను, శిక్షకునితోను చెప్పవచ్చును. జ్వరము, ఆయాసము, గుండెదడ, నిద్రలో గట్టి గురకతో ఊపిరి ఆగుట వంటివి కనబడినచో పట్టీ ఏమన్నను వైద్యునియొద్దకు పోవలెను.

మరియొక మాట ఉద్యోగులుగ మనము ఆలోచింపవలసినది. ఈ అంకె ఎవరిది? రేపు ఏ యజమానియైనను, ఏ శిక్షకుడైనను "నీ రాత్రి అంకె చూపుము" అని అడుగవచ్చును. అలసినవానికి విశ్రాంతినిచ్చుటకు అడిగినచో అది దయ. అలసినవాని పేరు కొట్టివేయుటకు అడిగినచో అది వేరు. 1928లో ఈ బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల అహింసాయుతమైన సమ్మెకు నాయకత్వము వహించిన వి.వి. గిరిగారు తెలుగువారు, 1969లో భారత రాష్ట్రపతియైనవారు. 1930లో రైల్వే చట్టమును సవరించి పనిగంటలకు, వారపు విశ్రాంతికి హద్దు లేర్పరచిరి. నేడు 2005 నాటి నియమములు అమలులోనున్నవి. గడియారము గోడమీద నున్నకాలమున పనిగంటలు లెక్కించుటకే అంత చరిత్ర జరిగినది. గడియారము మణికట్టునకు వచ్చి నిద్రను కూడ లెక్కించుచున్నప్పుడు, ఆ లెక్క విశ్రాంతిహక్కును కాపాడవలెనేగాని హరింపరాదు. వ్యక్తిగత సమాచారమును సమ్మతితో తీసికొనవలెనని 2023లో పార్లమెంటు చట్టము చేసినది. ఆ సమ్మతి నిజమైనదిగ నుండుట మన మెలకువపై ఆధారపడియున్నది.

విశ్రాంతి నిచ్చువాని ధర్మమొకటి, పుచ్చుకొనువాని ధర్మము మరియొకటి. ఇచ్చిన విశ్రాంతిని పెండ్లిలో పోగొట్టుకొన్న మా నాయనగారు తమ తప్పును తామే ఒప్పుకొనిరి. నేడు పెండ్లిండ్లకంటె ఎక్కువగ మన నిద్రను హరించుచున్నది చేతిలోని ఫోను. నిద్రమార్కులు చూచుకొనుటకై అర్ధరాత్రి ఫోను వెలిగించువారిని చూచి నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు.

మా మేనల్లుడు పట్టీని పారవేయలేదు; నేనును పారవేయుమనలేదు. ఇప్పుడు వాని అంకె వారమున కొకమారు వాని తాతగారు చూచుచున్నారు. కంటికి అద్దములు సవరించుకొని, కాల్‌బుక్కు చూచినట్లు చూచి, "ఈ వారం ఇంట్లో టీవీ పదింటికే కట్టేయండి" అని మాకు ఆజ్ఞాపించుచున్నారు. వచ్చు ఏడు మరల ఎంపిక పరుగున్నది. ఈమారు రెండుదినములు ముందుగ వానిని పంపుటకు, పండుకొనుటకు చీకటిగది చూచుటకు ఇంటిల్లిపాదియు చందా వేసికొంటిమి. గెలుచునో లేదో చెప్పజాలను. పరుగు వాని చేతిలోనిది. నిద్ర మా చేతిలోనిది.

ఈ సభ ముగిసి ఇండ్లకు పోవునప్పుడు రాత్రిడ్యూటీకి పోవువారి ఇండ్ల ముందు గొంతు దించి నడువుడని పిల్లలను కోరుచున్నాను.